రెండో పంపు మీద డప్పు

ఏడో ఇంక్లైన్ నీటి పంపు హౌస్, లాగ్ బుక్

611వ రోజు, మొదటి షిఫ్టు

మూడు పంపులూ నడుస్తున్నాయి. ప్రెషర్ మామూలే. రెండో పంపు బేరింగ్ కీచుమంటోంది, గ్రీజు పెట్టాను.

నిన్న మళ్ళీ ఓడిపోయాం. మూడు–సున్నా.

ఈ పుస్తకంలో బంతాట సంగతులు రాయొద్దని సూపర్‌వైజరమ్మ పోయిన నెల ఎర్ర సిరాతో రాసింది. చదివాను, కింద సంతకం కూడా పెట్టాను. కానీ ఈ షిఫ్టులో మనిషన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకే ప్రెషర్ పెరుగుతుంది. అమ్మా, మీకు కావలసింది పైన ఒక్క లైనే, మిగతాది వదిలెయ్యండి.

మూడు–సున్నా! అదీ ఎర్రలోయ జట్టు చేతిలో! మొదటి గోలుకే నాకు ఒళ్ళు మండిపోయింది. మనవాళ్ళు బంతిని పైకి తన్నారు. ఈ గ్రహం మీద బంతిని గట్టిగా తన్నితే డోము కప్పు దాకా పోయి, అక్కడెవరో చుట్టాలున్నట్టు తీరిగ్గా దిగుతుంది. మా తాత చెప్పేవాడు, భూమి మీద బంతి లేచిందంటే రెప్పపాటులో కింద ఉంటుందని. ఇక్కడ అది దిగేలోపు మనిషి ముసలివాడవుతాడు. మన ముగ్గురు దాని కింద మెడలెత్తి నిలబడ్డారు. ఎర్రలోయ పిల్ల ఒకతి ఎగిరి, ముగ్గురి నెత్తుల మీదుగా తన్నుకుపోయింది.

అలా నిలబడమన్నది పెట్టె. పెట్టె అంటే ఇప్పుడు మా కోచ్. గీత పక్కన స్టూలు మీద కూర్చుంటుంది, టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్దది. ఆటగాళ్ళ చెవుల్లో పూసలు పెట్టి, ఎవరు ఎక్కడ నిలబడాలో వాటిలో చెప్తుంది. కోపం రాదు, చెమట పట్టదు. ఓడిపోయినా అదే గొంతు, గెలిచినా అదే గొంతు. దాన్ని తిట్టుకుందామన్నా సుఖం లేదు.

614వ రోజు, మొదటి షిఫ్టు

పంపులు బాగున్నాయి. రెండో పంపు పై తొడుగు, అదే కేసింగ్ మీద చెయ్యి పెడితే పది అంకెలు లెక్కపెట్టేలోపు తియ్యాల్సి వస్తోంది. నాకు ఆ వేడే కావాలి. ఎందుకో రాస్తాను.

మా తాత ఈ ఊరికి వచ్చినప్పుడు మనిషికి ఆరు కిలోల సామాను తెచ్చుకోనిచ్చారట. ఆయన బట్టలు వదిలేసి డప్పు తెచ్చుకున్నాడు. భూమి మీద వాళ్ళది బొగ్గు గని. అక్కడ గనిలోకి వాలుగా దిగే ఇంక్లైన్ల మీద బెంగతోనే ఈ ఐసు గనికి కూడా వాళ్ళు ఏడో ఇంక్లైన్ అని పేరు పెట్టుకున్నారు. డప్పు కొట్టే ముందు మంట మీద కాచాలి, లేకపోతే తోలు జారిపోయి తడి అట్టముక్క మీద కొట్టినట్టు మోగుతుంది. డోములో అగ్గి పుల్ల గీసినా జైలే. అందుకని మా తాత, మా నాయన, ఇప్పుడు నేను, ముగ్గురం దాన్ని రెండో పంపు కేసింగ్ మీద పెట్టే కాచాం. పంపు మారింది గాని, చోటు మారలేదు.

ఓదెలు నాతో పాటు పుట్టినవాడు, నాతో పాటు బళ్ళో దెబ్బలు తిన్నవాడు. పంతొమ్మిది సీజన్లు మా జట్టుకు కోచ్. డోములో గాలి పలచగా ఉంచుతారు కాబట్టి మనిషి అరుపు మైదానం సగం దాటదు. కోచ్ పదవి దొరికిన మొదటి రోజు ఓదెలు నా దగ్గరకొచ్చి అడిగాడు.

"రాయలింగూ, మీ తాత డప్పు ఇంకా మోగుతదారా?"

"ఎందుకు మోగదు? కాస్తే మోగుతది."

"అయితే గోల్ ఎనుక కూసో. నా వేళ్ళు జూస్తుండు."

ఒక వేలు ఎత్తితే ఒక దరువు, అందరూ వెనక్కి. రెండు వేళ్ళకు ఇంకో దరువు, పక్కలకు విస్తరించాలి. మూడు వేళ్ళెత్తితే నేల ఆట. దన్, దన్, దదన్. బంతి గడ్డి వదలకూడదు, చిన్న చిన్న పాసులతో అందరూ కలిసి ముందుకు. వాళ్ళ తాత బొగ్గు గని పక్కన బూడిద పోసిన గ్రౌండులో ఆడేవాడట. గని సైరన్ మోగితే ఒకరి మాట ఒకరికి వినపడక వేళ్ళతో చెప్పుకునేవారట. ఆ వేళ్ళే ఓదెలుకు వచ్చాయి. తొమ్మిదో సీజన్‌లో కప్పు గెలిచినప్పుడు నా అరచేతులు బొబ్బలెక్కి రెండు రోజులు స్పానర్ పట్టలేకపోయాను. ఆ వారమంతా సూపర్‌వైజర్ నన్ను ఒక్క మాట అనలేదు. ఎంత మంచి రోజులు!

అబద్ధం రాయను. ఓదెలు చివరి రెండు సీజన్లు బాగాలేవు. మొండివాడు. మిగతా జట్లు పైబంతి నేర్చుకుంటుంటే "గది ఆట గాదు, పైకి జూసుడు" అని కొట్టిపారేశాడు. పది జట్లలో ఆఖరి స్థానం నుంచి వెంట్రుక వాసిలో తప్పించుకున్నాం. జట్టు కమిటీ వాళ్ళు కాంట్రాక్టు పొడిగించకుండా వాడికి ఒక శాలువా కప్పి పంపించి, పెట్టెను తెచ్చారు. ఆ శాలువా వాడు ఒక్కసారీ కప్పుకోలేదు. ఆ రోజు నుంచి మైదానానికీ రాలేదు.

618వ రోజు, మొదటి షిఫ్టు

పంపులు బాగున్నాయి. 625వ రోజు పొద్దున రెండో పంపు ఆపి సర్వీసింగ్ చెయ్యాలని ఆర్డరు వచ్చింది. సరే. ఆ రోజు మధ్యాహ్నం సీజన్ ఆఖరి మ్యాచ్ ఉంది, ఉప్పుదిబ్బ జట్టుతో. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు, ఊరికే రాశాను.

క్యాంటీన్‌లో గొడవ. క్యాంటీన్ నడిపే మొగిలికి కమిటీ గుమాస్తా చుట్టం. వాడి ద్వారా పెట్టె కాంట్రాక్టు కాగితం తెచ్చి గోడకు అంటించాడు. ఇన్నాళ్ళూ మాలో ఒక్కడు దాన్ని చదివిన పాపాన పోలేదు. అందులో ఉన్నది ఇదీ: జట్టు మొదటి డివిజన్‌లో నిలిస్తే పెట్టెకు మళ్ళీ ఎవరినీ అడక్కుండా ఐదు సీజన్లు పొడిగింపు. రెండో డివిజన్‌కు పడిపోతే ఆ రోజుతోనే కాంట్రాక్టు రద్దు.

మేము ఇప్పుడు కిందనుంచి రెండో స్థానంలో ఉన్నాం. ఆఖరి మ్యాచ్ కనీసం డ్రా చేసుకుంటే నిలుస్తాం. ఓడితే పడతాం.

మొగిలి బెంచీ ఎక్కాడు. "అన్నలారా, అక్కలారా, సమజైందా? మనం గెలిస్తే ఐదేండ్లు గా పెట్టె ముంగట కూసోవాలె. ఓడితే పెట్టె పోతది, ఓదెలన్న వస్తడు. ఒక్క సీజన్ల మళ్ళ పైకొస్తం. గందుకే ఆ రోజు ఎవ్వలూ చప్పట్లు కొట్టద్దు, నోరు తెరవద్దు. రాయలింగన్నా, నువ్వు డప్పు ముట్టద్దు. ఒట్టు పెట్టు!"

అందరూ నావైపు చూశారు. ఓదెలు కోచ్ అయిన రోజు నుంచి నా డప్పు లేకుండా మా జట్టు ఆడిన మ్యాచ్ లేదు, వాడు లేని ఈ సీజన్‌లో కూడా ఊరికే హుషారుకు కొడుతూనే ఉన్నాను. నాకు పెట్టె మీద ఎంత కడుపుమంట ఉందో ఈ పుస్తకానికి తెలుసు. ఓదెలు మళ్ళీ తువ్వాలు మెడలో వేసుకుని గీత పక్కన తిరుగుతుంటే చూడాలని ఉంది. ఒట్టు పెట్టాను.

621వ రోజు, మొదటి షిఫ్టు

పంపులు బాగున్నాయి. నా మనసే బాగాలేదు.

పొద్దున సారక్క వచ్చింది. ఇందారపు సారక్క, మా జట్టు కెప్టెన్, వెనక వరుసలో ఆడుతుంది. ముప్పై నాలుగేళ్ళు. పదిహేడో ఏట ఓదెలు ఆ పిల్లను డ్రిల్లు సెక్షన్ నుంచి తీసుకొచ్చాడు. ఆ ఐసు దుమ్ములో అప్పటికే దగ్గు పట్టుకుంది, ఆటలోకి వచ్చాక తగ్గింది. తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

"కాకా, మేం ఓడిపోవాలని ఊరంతా ఒట్టేసుకున్నరట గద? నువ్వు సుత ఏసినవట?"

నాకు తల తీసేసినట్టయింది. "నీ మీద కోపంతోని గాదు బిడ్డా. పెట్టె పోవాలెనని."

"పెట్టె పోతది. మా కాంట్రాక్టులు సుత పోతయ్. రెండో డివిజన్ల జీతాలుండయ్ కాకా, మళ్ళ పాత సెక్షన్లకే పోవాలె. నేను డ్రిల్లు కాడికి." తలుపుకు ఆనుకుంది. "పోతా. నాకు పని కొత్త గాదు. మా ఓదెలు సార్ వస్తడంటే ఇంకా సంబురంగ పోతా. కాని ఓడితే బాగుండని మా ఊరోళ్ళే ఎదురు జూస్తుంటే, గా మైదానంల ఎట్ల నిలబడాలె? అది జెప్పు."

టీ తాగమన్నాను. తాగలేదు. పోతూ పోతూ ఒక మాట అంది. "పెట్టె మంచిదని అంటలేను. కాని నా మోకాలు బాగుచేసింది అదే. రోజూ ఎంత ఉరకాలెనో కొలిచి జెప్పింది. ఓదెలు సార్ అయితే ఉరికిచ్చి ఉరికిచ్చి సంపుతుండె." నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

తన కాంట్రాక్టు గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పదిహేడేళ్ళుగా ఆ పిల్ల కోసం డప్పు కొట్టాను. పెట్టె కాంట్రాక్టు గోడ మీద ఉంటే చదివానుగాని, సారక్కది ఎవరూ అంటించలేదు, నేనూ అడగలేదు.

624వ రోజు, మొదటి షిఫ్టు

పంపులు బాగున్నాయి.

షిఫ్టు దిగాక ఓదెలు గదికి పోయాను. తలుపు తీసి, మళ్ళీ మంచం మీద కూర్చుని బూట్లకు తాళ్ళు ఎక్కిస్తున్నాడు. ఎవరి బూట్లని అడిగితే, "నాయే. ఊకె ఎక్కిస్తున్న," అన్నాడు. సారక్క వచ్చిన సంగతి చెప్పాను, మొగిలి సంగతి చెప్పాను. అంతా విని, ఎక్కించిన తాడు మళ్ళీ లాగేశాడు.

"మొగిలిగాడు నాకు సుత జెప్పిండు," అన్నాడు. "అబద్ధమెందుకు, రెండు రోజులు సంబురపడ్డ రా. రేపు మ్యాచ్‌కు వస్త."

వస్తాడా! సీజన్ మొత్తం రానివాడు! అయితే ఓడిపోవడం చూడ్డానికే వస్తున్నాడు అనుకున్నాను. వాడి స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను.

626వ రోజు, మొదటి షిఫ్టు

పంపులు మూడూ నడుస్తున్నాయి. రెండో పంపు సర్వీసింగ్ నిన్న జరగలేదు. కారణం: సరైన సైజు స్పానర్ దొరకలేదు. (దొరికింది. నా కుర్చీ కిందే ఉంది. అమ్మా, ఈ లైను కూడా వదిలెయ్యండి.)

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున డప్పు కేసింగ్ మీద పెట్టాను. ఎందుకంటే చెప్పలేను. డప్పు అక్కడ పెట్టడం మా ఇంట్లో మూడు తరాల అలవాటు, మ్యాచ్ రోజు పొద్దున చెయ్యి దానంతటదే పోయింది. కొట్టనని ఒట్టు పెట్టాను కాని కాచనని పెట్టలేదు కదా అనుకున్నాను. కాచిన దాన్ని దుప్పట్లో చుట్టి చంకలో పెట్టుకుని మైదానానికి పోయాను. మొగిలి చూసి కళ్ళురిమాడు. "ఒట్టిగ తెచ్చిన రా, ఇంట్లుంటే సల్లారిపోతది," అన్నాను. నా మాట నాకే అర్థం కాలేదు.

ఓదెలు వచ్చాడు. నా పక్కనే కూర్చున్నాడు. రెండు చేతులూ స్వెట్టరు జేబుల్లో.

ఊరంతా వచ్చింది, ఊరంతా నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దం నేను జన్మలో మరిచిపోను. బూట్ల చప్పుడు వినపడుతోంది, మనవాళ్ళ ఆయాసం వినపడుతోంది. ఉప్పుదిబ్బ నుంచి వచ్చిన నలభై మందే అరుస్తున్నారు. మా సొంత డోములో మేము పరాయివాళ్ళలా కూర్చున్నాం. ముప్పై మూడో నిమిషంలో వాళ్ళు గోలు వేశారు. ఇక పెట్టె పోతుందని మాలో ఎవరో ఒక్కసారి చప్పట్లు కొట్టి ఆపేశారు. సారక్క తలెత్తి మావైపు చూసింది. నేను దుప్పటి వంక చూశాను.

రెండో సగంలో కూడా అదే పైబంతి, అదే మెడలెత్తి నిలబడటం. సారక్క ఒక్కతే మూడు సార్లు గోలు గీత మీద అడ్డంపడి ఆపింది. మూడోసారి లేవడానికి టైం పట్టింది. మోకాలు పట్టుకుని కూర్చుని, మళ్ళీ మావైపే చూసింది. ఈసారి నా వంక కాదు. నా పక్కన ఓదెలును చూసింది. అప్పుడే గమనించినట్టుంది.

ఓదెలు జేబులోంచి కుడి చెయ్యి తీశాడు. మోకాలి మీద పెట్టుకున్నాడు.

తర్వాత మూడు వేళ్ళెత్తాడు.

"ఓదెలూ," అన్నాను, "వద్దురా. డ్రా అయితే ఇగ నువ్వు రావు. ఐదేండ్లు. గప్పటికి మనకు డెబ్బై."

"నాకు తెల్వదా?"

"పోయినేడాది నుంచి నీ కోసం..."

"గా పిల్లను డ్రిల్లు కాడికెల్లి నేను గుంజుకొచ్చిన. మళ్ళ నేనే పంపాల్నా?" వేళ్ళు దించలేదు. "సల్లారిపోతది. కొట్టు."

దుప్పటి లాగేశాను. ఇంకా వెచ్చగానే ఉంది.

దన్, దన్, దదన్.

మొగిలి "ఏయ్!" అని లేచాడు. వాడి గొంతు నాకు వినపడలేదు. సారక్క చెవిలోంచి పూస పీకి గడ్డిలో పడేసింది. ఓదెలు దగ్గర నేర్చుకున్నవాళ్ళు జట్టులో ఐదుగురే మిగిలారు. ఐదుగురూ ఒకేసారి కదిలారు. మిగతా ఆరుగురికీ ఏం జరుగుతోందో తెలియక కాసేపు ఒకళ్ళకొకళ్ళు అడ్డంపడ్డారు. తర్వాత బంతి ఎటు పోతే అటు పోయారు. బంతి గడ్డి వదల్లేదు. కాలి నుంచి కాలికి, కాలి నుంచి కాలికి. ఉప్పుదిబ్బ వాళ్ళు అలవాటుగా పైకి చూస్తున్నారు, బంతి వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి పోతోంది! ఆ ఆట చూసి ఎన్నాళ్ళయిందో. నా పక్కన ఒకావిడ, డెబ్బై దాటినావిడ, "వచ్చింది, మన ఆట వచ్చింది" అంటూ భుజం మీద గుద్దడం మొదలుపెట్టింది. తర్వాత ఊరు నోరు తెరిచింది. మొగిలి కూడా అరిచాడు. బెంచీ మీద నిలబడి, తన ఒట్టు తనే మింగేసి, గొంతు పగిలేలా అరిచాడు.

ఎనభై మూడో నిమిషంలో గోలు. వేసింది సారక్క కాదు. పెట్టె తెచ్చిన కొత్త పిల్ల, ఆ దరువు ఎప్పుడూ వినని పిల్ల. కాలి దగ్గరికి బంతి వచ్చింది, తన్నింది.

ఒకటి–ఒకటి. నిలిచాం.

అందరూ మైదానంలోకి దూకారు. ఓదెలు కూర్చునే ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. డప్పు తుడుస్తున్నాను. "రెండో దెబ్బ జరంత ఆలిసెం కొట్టినవ్," అన్నాడు. నేను వాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. సిగ్గేం లేదు, రాస్తున్నాను.

629వ రోజు, మొదటి షిఫ్టు

పంపులు బాగున్నాయి.

పెట్టెకు ఐదు సీజన్లు ఖాయమయ్యాయి. సారక్కకు రెండు సీజన్ల కాంట్రాక్టు. సంతకం పెట్టాక నేరుగా ఇక్కడికి వచ్చి, ఈసారి లోపలికొచ్చి కూర్చుని, రెండు కప్పుల టీ తాగింది.

మ్యాచ్ మీద పెట్టె ఇచ్చిన రిపోర్టు క్యాంటీన్ గోడకు అంటించారు. ఓదెలును లాక్కుపోయి చూపించాను. కళ్ళజోడు లేదంటే నేనే చదివాను.

"డెబ్బై ఒకటో నిమిషం నుంచి ఐదుగురు ఆటగాళ్ళు సూచనలు పాటించలేదు. అదే సమయంలో ప్రేక్షకుల వైపు నుంచి ఒక శబ్దం పదే పదే నమోదైంది. ఈ రెండింటికీ సంబంధం కనపడలేదు."

"మళ్ళ సదువు," అన్నాడు. మళ్ళీ చదివాను. నవ్వాడు. మొదట కొంచెం, తర్వాత గోడ పట్టుకుని, దగ్గు వచ్చేదాకా. ఏడాది తర్వాత వాడు నవ్వడం చూశాను. కళ్ళు తుడుచుకుని, "సంబంధం కనపడలేదట," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఐదేండ్లు," అన్నాడు. మొగిలి ఏమీ అడక్కుండానే టీ తెచ్చి ఓదెలు ముందు పెట్టాడు.

కొత్త ఏడాది, 12వ రోజు, మొదటి షిఫ్టు

పంపులు మూడూ బాగున్నాయి.

ఈ పేజీ పైన ఎర్ర సిరాతో సూపర్‌వైజరమ్మ రాసినది ఉంది: "రెండో పంపు సర్వీసింగ్ మ్యాచ్ లేని రోజులలో మాత్రమే చేయవలెను. స్పానర్ కుర్చీ కింద పెట్టరాదు." అంటే మొత్తం చదువుతోందన్నమాట! కింద సంతకం పెట్టాను.

ఈ మధ్యాహ్నం సీజన్ మొదటి మ్యాచ్. పొద్దున డప్పు కేసింగ్ మీద పెడుతుంటే తలుపు చప్పుడైంది. ఓదెలు. మెడలో తువ్వాలు ఉంది. కాంట్రాక్టు లేదు, జీతం లేదు, గీత పక్కకు పోనివ్వరు. గోల్ వెనుక నా పక్కన సీటు ఉంది, అంతే. లోపలికొచ్చి, అరచెయ్యి తోలు మీద ఆనించి, గోటితో ఒకసారి కొట్టి, తల పక్కకు వంచి విన్నాడు.

"ఇంకొంచెం కాగాలె," అన్నాడు.

స్టూలు జరిపాను. ఇద్దరం కూర్చున్నాం.